నూట ఆరు

ఏడు కేజీలండీ! ఏడు కేజీల కోసం బీమా కంపెనీ ఓ ఆఫీసరు గార్ని కారిచ్చి మరీ ఆత్రేయపురం పంపించిందంటే, నేనింత గొప్పదాన్నని నాకే తెలీదు సుమండీ. కూర్చోండి. ఆ కుర్చీ గట్టిదేలెండి, నేను కూర్చునేదే.

ఆయ్, ఆ కాయితం నాదే. వీరదుర్గ అన్న సంతకమూ నాదే. అయిదో తరగతి దాకా చదివేను. బరువు తొంభై తొమ్మిదని రాయించిందీ నేనే. మీ డాక్టరు గారి మిషను నూట ఆరు చూపించిందంటారు. దాచేనంటారా? ఈ ఒంటిని ఎక్కడ దాస్తామండీ బాబూ! వాకిట్లో నిలబడితే వీధి మలుపు నుంచే కనిపిస్తాను.

ఏజెంటు దొరబాబు గారు బరువు చూయించుకుని రమ్మన్నారు. మా ఇంట్లో కాటా ఎక్కడిది? ధాన్యం కొట్టుకి వెళ్లేను. అక్కడి గుమస్తా ధనరాజు అలవాటు కొద్దీ గోనెకి రెండు, తేమకి అయిదు తరుగు తీసేసేడు. ధాన్యం బస్తాకి తీస్తారు కదండీ, అలాగ. ఏడు పోతే తొంభై తొమ్మిది. అదీ సంగతి.

నవ్వండి, పర్లేదు.

ఎందుకింత లావని మీ డాక్టరు గారు అడిగేరు. ముప్ఫై అయిదేళ్లుగా పొద్దున్న ఆరింటికి బోర్లించిన కుండ ముందు కూర్చుంటానండీ, పూతరేకులు తియ్యడానికి. లోపల మంట. గుడ్డని పిండినీళ్లలో ముంచి కుండ మీద ఒక్కసారి లాగితే రేకు. ఊదితే ఎగిరిపోతుంది. తీసేదాన్ని మాత్రం లేవను. రోజూ గంట నడవమన్నారు. ఆయ్, నడుస్తానండీ, మండే కుండని చంకనేసుకుని!

అయినా మీ లెక్క భలే ఉందిలెండి. మా ఆయన గంగాధరరావు గారు యాభై రెండు కేజీలు. గాలొస్తే పట్టుకోవాల్సిన మనిషి. అలాంటివాళ్లకైతే మీరు ఎదురొచ్చి మరీ పాలసీ ఇద్దురు. నలభై రెండో ఏట, అదిగో ఆ అరుగు మీద, కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే పోయేరు. పాపం, సన్నగానే పోయేరు. లావుదాన్ని, నేనేమో మీకు మంచినీళ్లిస్తున్నాను.

నేనేం చేసుకోనండీ పాలసీ? మా అమ్మాయి జ్యోతిర్మయి అమలాపురంలో నర్సింగు రెండో ఏడు. నాకేదన్నా అయితే మర్నాడే దాన్ని తెచ్చి ఈ కుండ ముందు కూర్చోబెడతారు మావాళ్లు. తెలుసు నాకు. మా అమ్మ పోయిన పదకొండో నాడు నన్నూ అలాగే బడి మాన్పించి కూర్చోబెట్టేరు. ఇప్పుడు లావుకి కాదట, అబద్ధం చెప్పేనని పాలసీ కొట్టేస్తారట. బావుందండీ!

ఏంటీ? ధనరాజు దగ్గరికీ వెళ్లొచ్చేరా? ఏమన్నాడేంటి?

అంతా చెప్పేసేడా!

అవునండి. తరుగు వాడంతట వాడు తియ్యలేదు.

కాటా మీద తూకం పడగానే గుమస్తా కేకేస్తాడండీ, లోపల రాసుకునేవాళ్లకి వినపడాలని. ఆ పూట బస్తాలు దింపే మగాళ్లు పదిమంది ఉన్నారు. అందరూ పని ఆపి చూస్తున్నారు. ధనరాజు నోరు తెరిచేడు. "బాబూ, మూడంకెలు కేకెయ్యకు. బస్తాకి తీసినట్టే నాకూ తీసెయ్యి" అన్నాను, చేతులు జోడించి. మంచివాడు. తొంభై తొమ్మిదని అరిచేడు. దొరబాబు గారు అడిగితే ఆ అంకే చెప్పేను. ఇంకోటి నోటికి రాలేదు.

మోసం చేద్దామని కాదండీ. కాటా మీద ఉన్నప్పుడు మీ కంపెనీయే గుర్తు లేదు నాకు. సిగ్గేసింది. అంతే.

అదిగో, పక్కింటి కృష్ణవేణి గారు గోడవతల చీపురు ఆపేరు. వింటున్నారు. విననివ్వండి. కలం తియ్యండి.

నూట ఆరు. రాసుకోండి, తరుగు తియ్యకండి.