రెక్కకి రెండు చుట్లు

నార్తాంప్టన్‌షైర్, ఆదివారం మధ్యాహ్నం. రేసు మొదలయ్యే ముందు వేసే ఒక్క ల్యాప్ కోసం కార్లన్నీ బయల్దేరాయి. కార్లని సరిచేసే పిట్ గోడ దగ్గర ఇంజినీరు నెస్టా, మెకానిక్ కోలిన్. ఆ ఇద్దరికీ పెళ్ళయి పందొమ్మిది రోజులు. డ్రైవర్ మార్గో రేడియోలో.

"ముందు రెక్క స్క్రూ రెండు చుట్లే తిప్పావు కదా?"

"రెండే. నువ్వు చెప్పినన్నే."

"ఎటు?"

"ఎటేంటి నెస్టా, నువ్వెటు తిప్పితే అటు."

"అంటే?"

"కారు ముక్కుకి కుడి పక్క నువ్వు కూర్చున్నావా, ఎడం పక్క నేను. నీ చేతినే చూస్తున్నా. నువ్వు స్పానర్ ముక్కు వైపు లాగావు, నేనూ ముక్కు వైపు లాగాను. ఎంత ముద్దుగా కుదిరిందో తెలుసా! అద్దంలో చూసుకున్నట్టు."

"కోలిన్."

"ఏంటి బంగారం?"

"ఆ రెండు స్క్రూలూ ఒకే వైపు తిరగాలి. గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే రెక్క లేస్తుంది. అద్దంలో గడియారం ఎటు తిరుగుతుంది?"

"అది... అయ్యో."

"అయ్యో అంటే సరిపోతుందా? నాది లేచింది, నీది వాలింది. పెళ్ళాం చెయ్యి చూస్తూ కూర్చున్నాడు, మహానుభావుడు!"

"బాగుంది కాబట్టి చూశాను."

"నవ్వించకు. ఇప్పుడు నవ్వొచ్చిందంటే నిన్ను చంపేస్తాను."

"మరీ అంత తేడా వస్తుందా? రెండు చుట్లకి?"

"అటు రెండు, ఇటు రెండు. రెక్క లేచిన వైపు చక్రాన్ని గాలి నేలకేసి నొక్కుతుంది. వాలిన వైపు చక్రాన్ని గాలికొదిలేస్తుంది. కుడికి తిరిగేటప్పుడు బరువంతా ఎడమ చక్రం మీదే కదా. నీ చక్రం మీద. దానికి పట్టు లేకపోతే కారు తిరగదు, తిన్నగా పోతుంది. మొదటి మలుపే కుడికి, నూట ముప్పై మైళ్ళ వేగం, పక్కన ఇంకో ఇరవై కార్లు."

"పిలిచెయ్ లోపలికి."

"పిలిస్తే పిట్ లోంచి మొదలెట్టాలి. అందరూ వెళ్ళిపోయాక, అందరి వెనక. మూడో స్థానంలో ఉంది కోలిన్! ఇవాళ మొదటి ఐదుగురిలో రాకపోతే వచ్చే ఏడు తనకి కారే లేదు."

"పిలవకపోతే?"

"ఈ ల్యాప్ అవ్వడానికి ఎంత టైముంది?"

"నిమిషం. నిమిషం కూడా లేదు."

"ఏయ్ కొత్త జంటా! రేడియో ఇంత నిశ్శబ్దంగా ఉందేంటి? ముద్దులాడుకుంటున్నారా?"

"మార్గో, విను. నీ ముందున్న కారుకి కాస్త దూరం జరుగు. ఆ తర్వాత ఒక కుడి, ఒక ఎడమ గట్టిగా తిప్పి చూడు. ఎలా ఉందో చెప్పు."

"ఎందుకు?"

"చెప్తా. ముందు తిప్పు."

"కారుకేమైనా అయ్యిందా?"

"తిప్పవే తల్లీ!"

"సరే సరే. జరుగుతున్నా."

"నెస్టా... నేనొకటి చేశాను."

"ఇంకా ఏం చేశావ్?"

"బాస్ డెన్‌హామ్ గారికి చెప్పేశాను. ఇప్పుడే, ఆ రెండో రేడియోలో. తప్పు నాదేనని."

"ఎందుకు చెప్పావ్? మొగుడూ పెళ్ళాం ఒకే కారు దగ్గర పని చేస్తే ఒక్క తప్పుకే ఒకళ్ళని ఇంటికి పంపిస్తానని ఆయన ముందే అన్నాడు కదా!"

"అందుకే చెప్పాను. అడిగాక చెప్తే నీకూ అంటుకుంటుంది."

"పిచ్చోడివి. శుద్ధ పిచ్చోడివి. ఏమన్నాడు?"

"సాయంత్రం వచ్చి కలవమన్నాడు. 'సామాను తీసుకుని' అన్నాడు."

"కోలిన్..."

"తర్వాత తిడుదువుగాని. మార్గో లోపలికి రాగానే నా స్క్రూ నాలుగు చుట్లు వెనక్కి తిప్పాలి, అంతేగా? తప్పు రెండు, అసలు రెండు. పది సెకన్లు చాలు."

"నాలుగు. అవును."

"నెస్టా, కుడి మలుపు అయ్యింది."

"తిన్నగా పోయిందా?"

"లేదే! కత్తిలా తిరిగింది. ఇందాకటి కంటే బాగుంది."

"ఏంటీ?"

"నిజంగా! ముక్కు అలా కొరుక్కుపోయింది. ఆగు, ఎడమ వస్తోంది... అబ్బా! ఇదేంటే బాబూ! స్టీరింగ్ మొత్తం తిప్పినా రావట్లేదు! గడ్డి అంచు దాకా పోయాను!"

"ఎడమా? సరిగ్గా చెప్పు మార్గో. ఎడమకి తిరగనిదా?"

"ఎడమకే! నాకు కుడెడమలు తెలీవా?"

"నెస్టా? ఏమైంది? స్పానర్ తిప్పినట్టు గాల్లో చెయ్యెందుకు తిప్పుతున్నావ్?"

"ఎడమకి తిరిగేటప్పుడు బరువు ఏ చక్రం మీద కోలిన్?"

"కుడి... నెస్టా, వద్దు. ఇప్పుడవన్నీ ఎందుకు? నేను చెప్పేశానుగా. అయిపోయింది."

"నువ్వు నా చెయ్యి చూశావు. నేనేం చూశానో తెలుసా? నీ మొహం. ముల్లు తిరిగే వైపే తిప్పాననుకున్నాను."

"ఎవరికీ తెలీదు. ఒట్టు. నేనెవరికీ చెప్పను."

"మార్గో, లోపలికొచ్చెయ్. రెక్క తేడాగా ఉంది, సరిచేసి పంపిస్తాం. క్షమించు, ఆఖర్నుంచి మొదలెట్టాలి."

"అయ్యో నెస్టా... సరే. వస్తున్నా. ఇరవై మందిని దాటాలన్నమాట."

"దాటుతావు. కోలిన్, నువ్వు నీ స్క్రూ ముట్టుకోకు, అది సరిగ్గానే ఉంది. ఆ రెండో రేడియో ఇటివ్వు."

"ఇవ్వను."

"ఇవ్వు. డెన్‌హామ్ గారూ, నెస్టానండీ. ఎడమ రెక్క బాగానే ఉంది. కుడిది తిప్పింది నేను."