మనిషి లేని సముద్రం

నార్మండీ తీరంలో ఒక పల్లె. చిత్రకారుడు ఆన్సెల్మ్, అతని భార్య ఒడిల్ తెల్లారితే పారిస్ ప్రయాణం కాబట్టి సామాను సర్దుకుంటున్నారు.

“మళ్లీ ఒకసారి చెప్పండి.”

“ఎన్నిసార్లు చెప్పను, ఒడిల్? ముందు ఆ పెట్టెకి తాడు కట్టు.”

“తాడు సంగతి తర్వాత. బొమ్మ కోసం జెలీని రాతి మీద నిలబెట్టారు. ఆ తర్వాత?”

“మబ్బు మారింది. ఆ వెలుగు పోతుందేమోనని కొండెక్కాను. పైన ఆకాశం వేసుకుంటూ... అలా ఉండిపోయాను.”

“వెళ్లేముందు పిల్లతో ఏమన్నారు?”

“కదలకు అన్నాను. నేను చెప్పేదాకా కదలకు అని. బొమ్మకి నిలబడే ఎవరితోనైనా అనే మాటే కదా.”

“సముద్రం పోటెత్తి మీద పడుతున్నా కదల్లేదు, పిచ్చిపిల్ల.”

“ఇక ఆపు.”

“వాళ్లమ్మతో మాత్రం, ఇంటికి పొమ్మని ఎప్పుడో చెప్పాను, గవ్వలేరుకుంటూ ఆగిపోయినట్టుంది అన్నారు.”

“భయంలో నోటికొచ్చింది అనేశాను. అన్నాక వెనక్కి తీసుకోవడం నా వల్ల కాలేదు.”

“ఇరవై ఏళ్లుగా వంటిళ్లూ సారాయికొట్లూ తప్ప వేయని మనిషి సముద్రం వేశాడంటే పారిస్‌లో ఎగబడి చూస్తారు. ఇందులో మనుషులేరీ అంటే ఏం చెప్తారు?”

“పిల్ల ఉన్నచోట నీళ్లు వేసేశాను. ఎవరికీ తెలీదు.”

“నాకు తెలుసుగా. అదిగో, యూఫ్రజీ వస్తోంది.”

“జెలీ వాళ్లమ్మా? నేను లేనని చెప్పు.”

“గుమ్మంలోకి వచ్చేసింది. రా యూఫ్రజీ, రా తల్లీ, కూర్చో.”

“కూర్చోను అమ్మగారూ, ఒళ్లంతా చేపల కంపు. అయ్యగారికి ఎండుచేపలు తెచ్చాను. ఊరికే అడగడానికి మొహం చెల్లక.”

“ఏం... ఏం అడగాలి?”

“ఆ బొమ్మలో మా జెలీని వేస్తారా, అయ్యగారూ? వేలెడంత చాలు. బొమ్మ మీరే పట్టుకుపోండి. అది ఎక్కడో ఒకచోట ఉందని నాకు తెలిస్తే చాలు.”

“యూఫ్రజీ, ఆ రోజు నేను...”

“మీరేం చేస్తారయ్యా? మీరు చెప్పాల్సింది చెప్పారు. దాన్ని మట్టిలో పెట్టేటప్పుడు కూడా తిట్టాను. అయ్యగారు ఇంటికి పొమ్మంటే వినొద్దా, గవ్వల కోసం ప్రాణం పోగొట్టుకుంటావా అని. ఊళ్లో ఇప్పుడు మాట వినని పిల్లలకి దాని పేరు చెప్పి భయపెడుతున్నారు. నాకింకా కోపం తగ్గట్లేదు. కడుపుకోత ఉంది గానీ ఏడుపు రావట్లేదయ్యా.”

“ఏవండీ. ఇప్పుడైనా చెప్పండి.”

“ఏం చెప్పాలమ్మగారూ?”

“ఏం లేదు. ఏం లేదు, యూఫ్రజీ. వేస్తాను. ఎక్కడ వేయమంటావు? రాతి మీదేనా?”

“రాయి వద్దయ్యా. ఒడ్డుకేసి నడిచొస్తున్నట్టు వేయండి. బొమ్మలోనన్నా మీ మాట వింటుంది.”