బెనీతా ఎవరినీ పేరు అడగలేదు

అయ్యలారా, అమ్మలారా,

ఇంత చలిలో వచ్చారు. సంతోషం. బెనీతా పోయి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. నాకు మాట్లాడటం రాదు, గొర్రెలు కాసుకున్నవాణ్ణి. అయినా మాట్లాడాలి.

బెనీతా అర్బేసు పెద్ద సినిమా డైరెక్టరని మాడ్రిడ్‌లో అంటారు. ముప్ఫయ్యేళ్ళు ఆమె చేసింది ఒకటే పని. తాము కాని మరొకరిలా చలామణీ అయ్యేవాళ్ళ పక్కన వెళ్ళి కూర్చుంది. నువ్వెవరని ఎన్నడైనా అడిగిందా? అడగలేదు.

మన ఉర్సులా వైన్ కొట్టులో పదకొండు రోజులు బంగాళాదుంపల చెక్కు తీసింది. "సినిమా తీస్తానని వచ్చి తొక్కలు తీస్తావేంటే తల్లీ?" అని ఉర్సులా దెప్పింది. "కెమెరాకు తొందరలేదు, నీ కూరకుంది" అంది బెనీతా. పన్నెండోనాడు ఉర్సులాయే నోరు విప్పింది. "నేను పాదిరిగారి మేనకోడల్ని కాదు, కూతుర్ని." పెళ్ళి కూడని పాదిరికి కూతురుందని ఊరందరికీ తెలుసు కదా! ఆమె అనడానికి అరవై ఏళ్ళు పట్టింది.

బెనీతాకు ఒక పద్ధతుంది. సినిమాలో ఎవరుంటే వాళ్ళకే ముందు, ఒక్కరికే, బడిగదిలో చూపించేది. వద్దంటే ఆ ముక్క కత్తిరించి చేతిలో పెట్టేది. నకలు ఉంచుకునేది కాదు.

నేనూ కెమెరా ముందు ఒక మాట చెప్పి, తెరమీద చూశాక వద్దన్నాను. భయపడ్డాను. కత్తిరించి ఇచ్చేసింది. "సినిమా మధ్యలో గొర్రెలు తప్ప ఏం లేవు" అని పత్రికలవాళ్ళు ఎగతాళి చేశారు. ఆ మాటలు పడింది గానీ, ఎందుకు కత్తిరించిందో చెప్పలేదు.

ఆ తర్వాత ఏటా వచ్చేది. కొండమీద ఎవరూ లేనప్పుడు నన్ను నా పేరుతో ఒక్కసారి పిలిచేది. అంతే. ఇప్పుడు ఆ పేరు నాదని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను.

మీరంతా పిలిచే ఎలోయ్‌ని నేను కాను.

పందొమ్మిది వందల నలభై ఏడులో, సర్కారుకు ఎదురుతిరిగి కొండల్లో దాక్కున్నవాళ్ళకు రొట్టెలు మోశానని సర్కారు గార్డులు నాకోసం వచ్చారు. ముందురోజే మా అన్న ఎలోయ్ జ్వరంతో పోయాడు. ఇద్దరిదీ ఒకే పోలిక, ఏడాదంతా మందతో కొండమీదే ఉండేవాళ్ళం. "మీరు వెతికేవాడు వీడే" అని మా అమ్మ శవాన్ని చూపించింది. నా పేరుతో పూడ్చాం. ఆ పూట నుంచి అమ్మ నన్ను ఎలోయ్ అనే పిలిచింది, తలుపులు మూసుకున్నా సరే, పోయేదాకా. ఏటా సమాధుల పండక్కి నా పేరున్న రాతిమీద నేనే చేమంతులు పెట్టుకుంటున్నాను. తన పేరుమీద మా అన్నకు ఒక్క పువ్వు దక్కలేదు.

నేను హెర్వాసియోని.

చెప్పేశాను. ఆమె ఉండగా చెప్పాల్సింది.

లేవండి. టోపీలు తీయండి. రేపటి నుంచి నన్నేమని పిలుస్తారో మీ ఇష్టం. ఇప్పుడు మాత్రం, బెనీతా కోసం, ఎవరూ మాట్లాడకండి.