లెక్కలోకి రాని బావి

"పెద్ద తాతా, రేపు పొద్దున ఆరింటికి ఎర్ర లైన్లో మొదటి బండి నేనే నడుపుతున్నా. ఇంట్లో అందరూ వస్తున్నారు. మెట్రో వచ్చి ఇన్నేళ్లయినా నువ్వొక్కడివే ఎక్కలేదు. రేపన్నా వస్తావా?"

నేనా? ఆ కలుగులోకా? ఎందుకు హసీనా, ఎటూ మట్టిలోకే పోయేవాణ్ణి, ముందే టికెట్టు కొనుక్కుని మరీ దిగాలా? ఏందీ, ఫోన్లో రికార్డు చేస్తున్నావా? చేసుకో. నాకేం భయం. నేను తిట్టింది మీ పై ఆఫీసరుకి వినిపించు, జీతం పెంచుతాడేమో.

అసలు మన సింగరపట్నానికి భూమి కింద రైలు కావాలని ఎవడడిగాడు చెప్పు? ఊళ్లో రోడ్డు మీద గుంట పూడ్చడం చేతకానోళ్లు, ఊరి కింద గుంట తవ్వుతామన్నారు. మూడు లైన్లంట. మిర్చికి ఎరుపు, పత్తికి తెలుపు, వరికి పచ్చ. పేర్లు పెట్టడంలో మనోళ్లని మించినోళ్లు లేరులే. ఎర్ర లైను మిర్చి యార్డులో మొదలై గడియారస్తంభం మీదుగా బస్టాండుకి. తెల్ల లైను జిన్నింగు మిల్లుల దగ్గర్నుంచి వచ్చి, అదే గడియారస్తంభం కింద ఎర్ర లైనుని దాటి పెద్దాసుపత్రికి. ఇక పచ్చ లైను పొన్నూరు రోడ్డు వైపు... అది ఇప్పటికీ గోడ మీద బొమ్మలోనే నడుస్తంది. దానికి మూడుసార్లు శంకుస్థాపన చేశారు. మూడు రాళ్లూ ఉన్నాయి. మొన్న ఒకదాని మీద ఎవరో లుంగీ ఆరేశారు.

ఆ తవ్వే మిషను వచ్చినప్పుడు చూడాలి! దానికి ఆడపిల్ల పేరు పెట్టి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఫొటోలు దిగారు. వారం తిరక్కముందే మన నల్లరేగడి దాని పళ్లకి బంక లాగా పట్టుకుంది. మరి రేగడంటే ఏమనుకున్నారు? ఎండాకాలం నెర్రెలిచ్చి కాలు దూరేంత నోరు తెరుస్తది, వాన పడితే ఉబ్బి గోడలే నెట్టేస్తది. సత్తెనపల్లి నుంచి పత్తి బండి తోలుకొచ్చే ప్రతివాడికీ తెలుసు ఆ సంగతి. పుస్తకం చదివినోడికి తెలవలా.

అది సరే, యార్డు స్టేషన్లో ఫాన్ల సంగతి నీకు తెలుసా? అప్పటికి నువ్వింకా పలకా బలపం. లోపలికి గాలి పంపడానికి పెద్ద పెద్ద ఫాన్లు తెచ్చి, వాటి నోరు సరిగ్గా మిర్చి బస్తాలు దించేవైపు పెట్టారు. ఘాటంతా లోపలికే! బండి నిండా తుమ్ములు, దగ్గులు, కారే కళ్లు. గడియారస్తంభం దగ్గర ఎక్కిన పెద్దాయన ఒకడు, "ఎవరు పోయారమ్మా, పెద్దవయసేనా?" అని పరామర్శించాడంట. నవ్వు నవ్వు. నేనైతే ఆ కబురు ఊరూరా చెప్పా. వాడరేవులో చేపలారబెట్టుకునే వాళ్లకి కూడా చెప్పొచ్చా, మన చుట్టాల పెళ్లికెళ్లినప్పుడు. ఆ పెళ్లిలో బిర్యానీ కూడా... సరే, అదొద్దులే.

ఎందుకెక్కలేదంటున్నావు గదా. ఆ మాటకే వస్తున్నా.

మనది బావులు తవ్వే ఇల్లు. నీకు చెప్పేదేముంది. మా నాన్న మేస్త్రీ, ఆయన తర్వాత నేను. నా కింద తట్ట మోసింది, మోకు పట్టింది, పలుగేసింది మీ తాత సైదులు, నా తమ్ముడు. బీడీ కట్ట పావలా ఉన్న రోజుల్లో మొదలెట్టాం. మా నాన్న రెండు పద్ధతులు పెట్టాడు. ఒకటి, లాంతరు పట్టుకుని మేస్త్రీ ముందు దిగాలి. మేస్త్రీ దిగని బావిలోకి ఇంకో మనిషిని దింపకూడదు. రెండోది... రెండోది ఆయన పెట్టింది కాదులే, మా వాళ్లందరిదీ. నీళ్లు పడని బావి బావి కాదు. దానికి కూలి తీసుకోం. మళ్లీ మేమే పూడ్చేస్తాం. ఇక దాని పేరు ఇంట్లో ఎవ్వరూ ఎత్తరు. పిల్లనిచ్చేటప్పుడు "కుర్రాడు ఎన్ని బావులు తవ్వాడు" అని అడుగుతారే, ఆ లెక్కలో కూడా రాదది.

మెట్రో వాళ్లు నా దగ్గరికి వచ్చింది ఆ లెక్క కోసమే. పాత బావులు ఎక్కడెక్కడ పూడ్చారో కాగితాల్లో లేదు. పసుపు టోపీ పెట్టుకుని ఓ ఇంజనీరు వచ్చాడు. మర్యాదస్తుడే, ఆ మాట ఒప్పుకోవాలి. చెప్పులు బయట విప్పి, చాప మీద కూర్చుని, "మేస్త్రీ గారూ, ఎర్ర లైను దారిలో మీరు తవ్వినవి ఎన్నండీ?" అన్నాడు. నేనేమో, "ఏం, మీ కంప్యూటరు చెప్పలేదా?" అన్నా. నవ్వి లేచాడు. దారంతా నాతో నడిచాడు. నేను కర్రతో చూపించా, వాడు జెండా పాతాడు. పదకొండు బావులు, పదకొండు జెండాలు. "ఇంకేమన్నా ఉన్నాయాండీ, బాగా గుర్తు తెచ్చుకోండి" అని రెండుసార్లు అడిగాడు.

"నా లెక్కే తప్పంటావా" అని కసిరా.

ఆ ఫోను ఆపుతావా కాస్త? ... వద్దులే. ఉండనీ.

పన్నెండోది ఉందమ్మా. యార్డు వెనకాల, అప్పుడది పత్తి చేను. నేను మేస్త్రీనైన కొత్త. "అక్కడ జల లేదురా" అని మా నాన్న అంటూనే ఉన్నాడు. నేను వింటేగా! తొమ్మిది నిలువుల లోతు దిగాం, మనిషి మీద మనిషి తొమ్మిది మంది నిలబడ్డంత. చుక్క లేదు. తలకాయ దించుకుని నేనూ సైదులూ కలిసి పూడ్చాం. పూడ్చిన మట్టి వదులు మట్టి కదా, ఏళ్ల తరబడి వాన నీళ్లన్నీ తాగి అట్టాగే కూర్చుంది.

యార్డు స్టేషన్ దగ్గర మిషను కాదు, మనుషులే తవ్వేవాళ్లు. ఆ పనిలో సైదుల్ని పెట్టించింది నేనే. లోపల ఏ మూల ఏ చేని కింద ఉన్నామో వాడికేం తెలుస్తది? ఓ రోజు మధ్యాహ్నం అన్నాలు తిని మళ్లీ దిగారు. నేను గట్టు మీద నిలబడి, "ఇట్టాగేనా పలుగేసేది" అని అందర్నీ వెక్కిరిస్తన్నా. పక్క గోడ దబ్బున విరిగి బురద కొట్టుకొచ్చింది. మేం తవ్విన రోజు చుక్క ఇవ్వని బావి, ఆ రోజు ఇచ్చింది. అందరూ బయటపడ్డారు. సైదులు కాలు మాత్రం గోడకి ఆపు పెట్టిన దుంగల కింద నలిగిపోయింది. ఆసుపత్రిలో మడమ పైదాకా తీసేశారు. నువ్వు పుట్టాక వాణ్ణి కర్రతోనే చూశావు గదా.

ఎంక్వైరీకి ఒకాయన వచ్చాడు. కట్టు మీద కట్టుతో మంచం మీద ఉన్నాడు వాడు, నేను కాళ్ల దగ్గర... కాలి దగ్గర నిలబడ్డా. ఆయన అడిగాడు, "మీ అన్నయ్య ఏదన్నా బావి చెప్పడం మర్చిపోయాడా?" అని. వాడికి తెలుసమ్మా. ఆ బావి మట్టి మోసిందే వాడు. నా వంక చూడను కూడా చూడలా. "లేదండీ, పదకొండే" అన్నాడు.

తప్పు ఎవరి మీద పడింది? ఆ పసుపు టోపీ ఇంజనీరు మీద. సర్వే సరిగా చెయ్యలేదని ఎక్కడికో బదిలీ చేశారు. నేను నోరు మూసుకున్నా. నోరు మూసుకోవడం కూడా కాదు, అప్పట్నుంచే ఊరంతా తిరిగి ఇంజనీర్లని తిట్టడం మొదలెట్టా. సిగ్గు లేని బతుకు నాది. సైదులు పోయేదాకా ఎప్పుడన్నా ఆ కాలు సలిపితే, "నీ తప్పేముందన్నా, మట్టి మనసు ఎవడికి తెలుసు" అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా నేను మెట్రోని ఇంకో నాలుగు తిట్టేవాణ్ణి.

యార్డు దాటగానే బండి ఎడమకి వంగుతుందిగా? ఇంజనీరు తాగి గీశాడని ఊరంతా నవ్వుతారు. అందరికంటే ఎక్కువ నవ్వింది నేను. ఆ బావిని తప్పించడానికే లైను అట్టా తిప్పారు. ఆ వంకర నాదమ్మా.

ఏడుస్తన్నావా? నన్ను తిట్టు, తిట్టాల్సిందే. మీ తాత తిట్టకుండా పోయాడు.

...ఆరింటికన్నావు కదూ? ఐదింటికి లేపు. స్నానం చెయ్యాలి. ఆ కదిలే మెట్లు మాత్రం నాకొద్దు, మనిషికి కాళ్లిచ్చింది ఎందుకో మీ వాళ్లకి తెలిసినట్టు లేదు. మామూలు మెట్లే దిగుదాం. నేను ముందు దిగుతా, నువ్వు నా వెనక రా. ఆ రోజు తమ్ముణ్ణి దింపి గట్టు మీద నిలబడ్డా, ఇంకోసారి నిలబడను. అల్లా నిన్ను చల్లగా చూడాలి తల్లీ, దిగిన ప్రతిసారీ క్షేమంగా పైకి రావాలి.

ఎవరన్నా అడిగితే చెప్పు, మా పెద్ద తాత పన్నెండు బావులు తవ్వాడని.