కాటా గదిలో రెండో విండో

సత్తెనపల్లి రోడ్డులో ఒక పత్తి జిన్నింగ్ మిల్లు. 2009 డిసెంబరు, మధ్యాహ్నం భోజనాల వేళ. కాటా గదిలో కంప్యూటర్ ముందు ఇద్దరు: మిల్లు యజమాని నాగేంద్రబాబు, కాటా ప్రోగ్రాం రాసిన ముబీన్.

“...మళ్లీ చూడు ముబీన్. కింద పట్టీలో మన కాటా బొమ్మ ఉందిగా, దాని మీద మౌసు పెట్టు. పెట్టావా? ఎన్ని విండోలు లేచాయి?”

“రెండండి.”

“మనం తెరిచింది?”

“ఒకటేనండి.”

“మరి రెండోది ఎవడిది?”

“వైరస్ అయ్యుంటుంది బాబుగారూ.”

“వైరస్ వచ్చి పత్తి తూకం వేస్తుందా? అందులో అంకెలు కదుల్తున్నాయి, కళ్లు పెట్టి చూడు. చీటీలు తీసే సిద్దికా అన్నానికి వెళ్తే ఇట్లా కూర్చున్నా. మౌసు తగిలింది, రెండు లేచాయి. వెంటనే నిన్ను పిలిపించా.”

“ఉండండి... ఓహో.”

“ఏంటి ఓహో?”

“పోయిన నెల విండోస్ సెవెన్ వేశాంగా, అందుకండి. ఏ విండో ఏ ప్రోగ్రాందో ఇది మొహం చూసి గుర్తుపట్టదు. ప్రోగ్రాం రాసేవాళ్లం లోపల ఒక పేరు పెడతాం. ఐడీ అంటాం. ఒకే ఐడీ ఉన్న విండోలన్నిట్నీ కింద ఒకే బటన్‌లో కలిపేస్తుంది.”

“అర్థమయ్యేట్టు చెప్పు.”

“మన కాటాకి నేను పెట్టిన ఐడీనే ఎవరో తమ ప్రోగ్రాంకీ పెట్టుకున్నారండి. వేరే బటన్ వస్తే మీకు కనపడేది. ఇప్పుడు మన బటన్‌లోనే దూరి కూర్చుంది.”

“మా ఇంటిపేరు పెట్టుకుని మా ఇంట్లోనే భోంచేస్తున్నాడన్నమాట.”

“అంతేనండి.”

“ఆ ఐడీ ఎవరికి తెలుసు?”

“నాకు.”

“ఇంకా?”

“నాకేనండి.”

“అయితే నువ్వే పెట్టావా?”

“అయ్యో, నేనెందుకు పెడతానండీ! ఇప్పుడే చూస్తున్నా దీన్ని. మీ తోడు.”

“సరే, తెరువు. పెద్దది చెయ్యి. ఏం చేస్తోందది?”

“కాటా నుంచి వచ్చే బరువుని వచ్చినట్టే దాచిపెడుతోంది... బాబుగారూ, ఇదేంటండీ? ఇదే ట్రాక్టరు మన విండోలో ఇరవై మూడు క్వింటాళ్ల అరవై కిలోలు. దీంట్లో ఇరవై నాలుగు.”

“చదవమన్నానా నిన్ను?”

“నా ప్రోగ్రాం తక్కువ చూపించదండి. నేనట్లా రాయలేదు.”

“నువ్వు రాయలేదులే. విజయవాడ నుంచి ఒకడొచ్చి మార్చాడు. తరుగు.”

“తరుగంటే తేమకింతా చెత్తకింతా అని రైతు మొహాన చెప్పి తీసేదండి. ఇది చెప్పని తరుగు.”

“చెప్పిందీ తీస్తాం, చెప్పనిదీ తీస్తాం. నీకేంటి నొప్పి?”

“రైతులు కనిపెట్టలేదా?”

“అనుమానపడ్డారు. నిన్న బుల్లయ్య కొడుకులు కాటా ఎక్కి ఒకటే గోల.”

“మిమ్మల్ని నిలదీశారా?”

“నన్నెందుకు అంటారయ్యా? మీట నొక్కేది సిద్దికా. కాటా దొంగవి నువ్వేనని దాన్నే తిట్టారు. ఒకడు మొహాన ఉమ్మేశాడు కూడా.”

“సిద్దికా ఏమంది?”

“ఏమంటుంది? తుడుచుకుని తర్వాతి చీటీ తీసింది... ఏంటి, చెయ్యి ఆగిపోయింది?”

“ఏం లేదండి.”

“ఆ పిల్లకి కంప్యూటర్ నేర్పింది నువ్వేగా?”

“చీటీలు తీయడం వరకేనండి.”

“సాయంత్రాలు మీ ఇన్‌స్టిట్యూట్‌కి కూడా వస్తుందట.”

“వస్తుంది. టైపింగ్‌కి.”

“టైపింగ్‌కి రెండేళ్లా?”

“కాస్త నెమ్మదండి ఆ అమ్మాయి.”

“నెమ్మదా? ట్రాక్టరు కాటా మీద నిలబడే లోపు చీటీ చేతిలో పెడుతుంది! సరే, అదెక్కడుందో తియ్యి. ఎవరు రాశారో పేరేమన్నా ఉంటుందేమో చూడు. ఎవరిదో తేలాలి ఇవ్వాళ.”

“తేలితే ఏం చేస్తారండి?”

“ముందు జక్రయ్యకి అప్పజెప్తా. గేటు దగ్గర కర్రతో నిలబడేది ఊరికే కాదు వాడు. ఆ తర్వాత ఆ చెయ్యి మీట నొక్కడానికి పనికిరాదు. మిగిలింది పోలీసులు చూసుకుంటారు. వెతుకు.”

“వెతుకుతున్నానండి...”

“అదేదో పేరు కనపడుతోందిగా అక్కడ!”

“ఇదా... ఇది విండోస్ వాళ్లదండి.”

“ఇంగ్లీషు అక్షరాలు నాకూ వచ్చు. జరుగు, నేను చూస్తా.”

“మూసేస్తే సరిపోతుంది బాబుగారూ, మూసేస్తున్నా...”

“మూయకు!”

“మూసేశానండి. చెరిగి కూడా పోయింది. చెయ్యి జారింది.”

“చెయ్యి జారిందా, ముబీన్?”

“అన్నం తినొచ్చేశా బాబుగారూ, ట్రాక్టర్లు రోడ్డు దాకా ఆగిపోయాయి, రైతులు కేకలేస్తున్నారు... అరె, ముబీన్ సార్! మీరెప్పుడొచ్చారు?”

“రామ్మా సిద్దికా. కంప్యూటర్ చెడిందని మీ సారుని పిలిపించా.”

“చెడిందా? పొద్దున బాగానే... సార్, రెండోది ఏమైంది?”

“సిద్దికా, నువ్వెళ్లి మంచినీళ్లు తీసుకురా.”

“ఆగు, ఎక్కడికి? రెండోది అన్నావు. ఏ రెండోది?”

“అదే బాబుగారూ... బటన్ కింద...”

“రెండుంటాయని నీకెట్లా తెలుసు?”

“నాకు... నేను...”

“జక్రయ్యా! గేటుకి తాళం వేసి ఇట్లా రా. కర్ర తీసుకుని రా!”

“బాబుగారూ, ఆ అమ్మాయిని అడక్కండి. రెండోది ఉందని నేనే చెప్పాను తనకి. ముట్టుకోవద్దని చెప్పాను.”

“నువ్వా? ఇందాకేగా ఇప్పుడే చూస్తున్నానన్నావు! నా మీద ఒట్టేశావు!”

“భయపడి అబద్ధమాడానండి.”

“సార్, వద్దు సార్. బాబుగారూ, అది...”

“నోర్ముయ్ సిద్దికా! పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో నువ్వెవరు? బయటికి నడువు, ట్రాక్టర్లని పక్కకి పెట్టించు... ఆ విండో నాది బాబుగారూ. అసలు తూకాలన్నీ నా దగ్గరే ఉన్నాయి. జక్రయ్యని నా మీదికి పంపండి.”