ఎన్‌కోడర్ లేని మోటారు

వేటపాలెంలో జీడిపిక్కలు కోసే షెడ్డు. రెండో మిషన్‌కి మోటారు ఎంచుకోవడానికి, మిషన్లు తయారుచేసే అమ్మాయిని యజమాని పిలిపించాడు.

“ఈసారి ఎన్‌కోడర్ లేని మోటారు పెట్టమ్మా. మొదటి మిషన్‌ని ఎన్‌కోడర్ మాటిమాటికీ ఆపేసేది.”

“ఊరికే ఆపదండీ. పిక్క ఇరుక్కుని మోటారు సరిగ్గా తిరగకపోతే, ఎన్‌కోడర్ ఆ సంగతి కంట్రోలర్‌కి చెబుతుంది. అందుకే ఆగుతుంది.”

“ఆ గోల పడలేకే సాఫ్ట్‌వేర్‌లో అలారం తీయించేశా. ఇప్పుడు ఆగట్లా.”

“తీయించేశారా! మరి బ్లేడు పక్కన పడి పప్పు ముక్కలైపోదూ?”

“అయింది. పిక్కలు సరిగ్గా పెట్టట్లేదని సంతోషకుమారిని పనిలోంచి మాన్పించేశా.”

“ఆవిడేమీ అనలేదా?”

“తప్పు మిషన్‌దే అంది. నాకే ఎదురు చెబుతుందా?”

“ఉన్నమాట చెప్పిందని మోటారు నోరు నొక్కారు. అదే మాటన్నందుకు మనిషి కూడు తీశారు. ఇంక మీకు ఏ మోటారు పెడితే ఏంటండీ!”

“కోప్పడకమ్మా. ఇప్పుడేం చెయ్యమంటావ్?”

“ముందు అలారం పెట్టించండి. తర్వాత మీరే వెళ్లి ఆవిణ్ణి పనిలోకి పిలవండి.”

“వాళ్లుండే ఆ పేటలోకి నేను వెళ్లాలా? కబురు పంపుతాలే.”

“ఎన్‌కోడర్ లేని మిషన్ చేసేదీ అదేనండీ. మోటారుకి కబురు పంపేసి, అది తిరిగిందో లేదో తెలీకుండానే పనైపోయిందనుకుంటుంది.”