హాలు తాళంచెవి

మందు మానినవాళ్లూ, వాళ్ల ఇంటివాళ్లూ కలిసే మీటింగుకి ఇంకా అరగంట ఉంది. మూసిన హాలు మెట్ల మీద కొత్త సభ్యుడైన ఎలక్ట్రీషియన్, పాత సభ్యుడైన లారీ డ్రైవరుకి తాళంచెవి ఇవ్వబోయాడు.

“తీసుకో అన్నా. నిన్న తాగాను.”

డ్రైవరు చేతులు కట్టుకున్నాడు. “మీ ఆవిడకి చెప్పావా?”

“చెప్పాను. ముందు అన్నం తిను, తర్వాత తిడతానంది.”

“తిట్టిందా?”

“సగమే అయిందట.”

“మంచిదే.”

“నవ్వకన్నా. తాళంచెవి నమ్మకమైనవాడి దగ్గరుండాలి.”

“ఎవరు చెప్పారు? ఎవడు మీటింగు ఎగ్గొట్టేలా ఉంటే వాడికే ఇస్తాం. వాడు రాకపోతే అందరూ బయటే నిలబడాలిగా. నేనూ మూడుసార్లు తిరిగివ్వబోయాను, ఒక్కరూ పుచ్చుకోలేదు.”

ఎలక్ట్రీషియన్ తాళంచెవి వంక చూసుకున్నాడు. “అయితే ఇప్పుడేం చెయ్యను?”

“తలుపు తియ్యి. అదిగో, మీ ఆవిడ వస్తోంది. మిగతా సగం లోపల కూర్చుని తిందువుగాని.”